సాధన కర్రకు ఏ ప్లాస్టిక్ మంచిది? కర్రసాము, సిలంబం, ఆర్నిస్ నేర్చుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

కర్రసాములో కొత్తగా చేరినవాళ్లు, ఆర్నిస్ అనే ఫిలిప్పీన్స్ కర్ర విద్య నేర్చుకునే కుర్రాళ్లు, అమెరికాలో గరాజ్‌లో సాధన చేసుకునే మనవాళ్లు అందరూ ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్నకు జవాబు అక్కడే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసినదానికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఎవరు ఏ ప్లాస్టిక్ గురించి అడిగినా ముందు నేను అడిగేది ఒకటే: ఆ కర్ర దేనికి తగులుతుంది? గాలిలో తిరుగుతుందా, ఇంకో కర్రకు తగులుతుందా, టైరుకా, మనిషికా?

## కొనే ముందు

పేము, వెదురు ఉండగా ప్లాస్టిక్ కర్ర ఎందుకు?

చేతికి హాయిగా ఉండేది పేమే. దెబ్బను తనలోనే చాలావరకు ఇముడ్చుకుంటుంది, పాడైనా ఫట్‌మని విరగదు, నార నారగా చీలుతుంది. కానీ మన ఊళ్లలో ఫర్నిచర్ పనివాళ్ల దగ్గర దొరికే పేము చాలాసార్లు సన్నది, లేదా ఎండిపోయినది. రోజూ ఇద్దరు కర్రకు కర్ర కొట్టుకుంటూ సాధన చేస్తే అది ఎక్కువకాలం నిలవదు. వెదురు నిలువునా చీలి పేడు లేస్తుంది, అది అరచేతిలో దిగిందంటే ఆ వారం సాధన ఆగినట్టే. ప్లాస్టిక్ రాడ్‌కు పుచ్చు పట్టదు, వానకు నానదు, రెండు కర్రలు ఒకే బరువు తూగుతాయి. పేము ఇచ్చే ఆ మెత్తదనం మాత్రం ప్లాస్టిక్‌లో ఉండదు.

మొదటిసారి కొంటున్నాను. ఎక్కువ వివరాలొద్దు, ఏది కొనాలో చెప్పండి.

ఒంటి చేత్తో పట్టే పొట్టి కర్రకైతే 22 నుంచి 25 మి.మీ. వ్యాసం (కొత్తవారికి 22 మేలు), 26 నుంచి 28 అంగుళాల పొడవు ఉన్న గట్టి (బోలు లేని) పాలీప్రొపిలీన్ రాడ్. నిలువెత్తు కర్రకైతే ప్లాస్టిక్ జోలికి పోకండి, పేము గానీ బోలు తక్కువగా ఉండే గట్టి వెదురు గానీ తీసుకోండి. ఎదుటి మనిషి ఒంటికి తగిలేలా ఆడాలంటే ఫోమ్ చుట్టిన కర్ర తప్ప వేరేది వద్దు.

కర్రసాముకు నిలువెత్తు ప్లాస్టిక్ కర్ర పనికిరాదని ఎందుకంటారు?

బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం, చాలదు కాబట్టి. పాలీప్రొపిలీన్ బిగువు వెదురు బిగువులో సుమారు పదో వంతే. 28 అంగుళాల కర్రలో ఈ తేడా చేతికి పెద్దగా తెలియదు. అదే 5.5 అడుగుల కర్రను నడుమ పట్టుకుని గట్టిగా తిప్పి ఆపితే చేయి ఆగుతుంది, చివరలు ఆగవు. ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి ఊగి అప్పుడు నిలుస్తాయి. నేర్చుకునేవారు ఆ ఊగును సరిచేసుకుంటూ మణికట్టుకు తప్పుడు అలవాటు చేసుకుంటారు. పైగా బరువు. 25 మి.మీ. మందంతో 168 సెం.మీ. కర్ర పాలీప్రొపిలీన్‌లో సుమారు 750 గ్రాములు, నైలాన్‌లో 940 గ్రాములు తూగుతుంది. అదే కొలత పేము 400 గ్రాముల చిల్లరే. వేగంగా తిప్పే విద్యకు ఈ బరువు అడ్డం.

సింథటిక్కే కావాలని పట్టుదల ఉంటే గ్లాస్ ఫైబర్ గొట్టం ఒక్కటే కొంత దగ్గరికి వస్తుంది. 25 మి.మీ. వెలుపలి వ్యాసం, 3 మి.మీ. గోడ మందం ఉన్న గొట్టం ఇదే పొడవులో 660 గ్రాముల దగ్గర ఉంటుంది, బిగువూ బాగుంటుంది. అది కూడా ఒంటరిగా తిప్పడానికి మాత్రమే. కర్రకు కర్ర కొట్టడానికి కాదు.

మా గురువుగారు ప్లాస్టిక్ వద్దంటున్నారు. నచ్చజెప్పాలా?

అక్కర్లేదు. పేము దెబ్బకు వచ్చే శబ్దాన్ని బట్టి, కర్ర వెనక్కి తన్నే తీరును బట్టి శిష్యుడి పట్టు ఎలా ఉందో చెప్పగలిగే గురువులు ఉన్నారు. ప్లాస్టిక్‌తో ఆ ఆధారం పోతుంది. ఆయన ముందు ఆయన చెప్పిన కర్రే పట్టండి. ఇంట్లో విడిగా చేసుకునే అభ్యాసానికి వేరే కర్ర వాడతానని ముందే అడిగితే చాలామంది గురువులు కాదనరు.

పోటీల్లో సింథటిక్ కర్రను ఒప్పుకుంటారా?

నిర్వాహకులు ఏది చెబితే అదే. ఫిలిప్పీన్స్ 2009లో చట్టం చేసి ఆర్నిస్‌ను జాతీయ క్రీడగా ప్రకటించింది. 2019 ఆగ్నేయాసియా క్రీడల్లో ఆర్నిస్ పోటీలు మెత్త చుట్టిన కర్రతో ఒక విభాగంగా, మామూలు కర్రతో ఇంకో విభాగంగా జరిగాయి. అంటే ఒకే క్రీడలోనే విభాగాన్ని బట్టి కర్ర మారుతుంది. తమిళుల కర్ర విద్య సిలంబం కూడా 2024 జనవరిలో తమిళనాడులో జరిగిన ఖేలో ఇండియా యూత్ గేమ్స్‌లో ప్రదర్శన క్రీడగా చోటు సంపాదించుకుంది. పోటీకి పేరు ఇచ్చే ముందే కర్ర పదార్థం, పొడవు, మందం రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. చివరి నెల సాధన అంతా ఆ కర్రతోనే చేయండి.

## పదార్థాల సంగతి

పీపీ, హెచ్‌డీపీఈ, నైలాన్, డెల్రిన్: వీటిలో తేడా ఏమిటి?

ఇవన్నీ రాడ్ రూపంలో దొరికేవే, చూపుకు తెల్లగానో నల్లగానో ఒకేలా ఉంటాయి. చేతిలో మాత్రం దేని తీరు దానిదే.

పాలీప్రొపిలీన్ (పీపీ) తేలిక, సాంద్రత 0.91 (ఘన సెంటీమీటరుకు గ్రాములు). దెబ్బకు సొట్ట పడుతుంది, అంచు లేస్తుంది, మామూలు వాతావరణంలో ముక్కలై ఎగరదు. ధర తక్కువ. పొట్టి కర్రకు నా మొదటి ఓటు దీనికే.

హెచ్‌డీపీఈ ఒక రకం పాలిథిన్. బరువులో పీపీకి దగ్గరే, 0.95. ఇంకాస్త మెత్తన, ఇంకాస్త వంగుతుంది. చలి దేశాల్లో పీపీ కంటే ఇదే నమ్మకం. యూహెచ్‌ఎండబ్ల్యూ అనే దీని అన్నయ్య అరుగుదలకు అసలు లొంగదు గానీ బాగా నునుపు, చెమట చేతిలో నిలవదు.

నైలాన్ సాంద్రత 1.14. గట్టిది, మొండిది, ఏళ్లు వస్తుంది. గాలిలోని తేమను పీల్చుకోవడం దీని ప్రత్యేకత. తేమ తగినంత ఉన్నప్పుడు దెబ్బను బాగా ఓర్చుకుంటుంది, బాగా ఎండిపోతే పెళుసు పెరుగుతుంది.

డెల్రిన్ అసలు పేరు అసిటాల్, సాంద్రత 1.41. ఈ నాలుగింటిలో బరువైనది, కఠినమైనది. దెబ్బ శబ్దం పదునుగా మోగుతుంది, చేతికి అదురు ఎక్కువ. రంపపు గాటు లాంటి లోతైన గీత పడితే అక్కడినుంచే విరగవచ్చు. బరువు కర్రతో ఒంటరిగా చేయి బలపరుచుకునేవారికి తప్ప ఎవరికీ చెప్పను. దీనితో జంట సాధన అసలే వద్దు.

షాపులో ఇచ్చిన రాడ్ నిజంగా ఏ ప్లాస్టిక్కో ఎలా తెలుసుకోవాలి?

కోసిన చిన్న ముక్క అడిగి బకెట్ నీళ్లలో వేయండి. పీపీ, హెచ్‌డీపీఈ, యూహెచ్‌ఎండబ్ల్యూ తేలతాయి. నైలాన్, డెల్రిన్, పీవీసీ, పాలీకార్బొనేట్ మునుగుతాయి. పీపీ అని అమ్మిన ముక్క మునిగిందంటే అది పీపీ కాదు, లేదా అందులో సుద్దపొడి లాంటి పూరకం బాగా కలిపారు. ఆ తర్వాత కోసిన చివర చూడండి. మధ్యలో గుంటలు, బుడగలు, రంగు చారలు కనిపిస్తే అది చాలావరకు తిరిగి కరిగించిన సరుకు, వద్దనేయండి. ముక్కను కాల్చి వాసన చూసి చెప్పేవాళ్లు ఉంటారు గానీ, ఆ పని చేయకండి. పీవీసీ కాలితే ఆమ్ల వాయువు, డెల్రిన్ కాలితే ఫార్మాల్డిహైడ్ వస్తాయి.

'ఫైబర్ కర్ర' అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. తీసుకోవచ్చా?

ఆ పేరుతో గ్లాస్ ఫైబర్, పాలీకార్బొనేట్, మామూలు ప్లాస్టిక్ అన్నీ అమ్ముతున్నారు. ఏదో రాయని పేజీలో కొనకండి. గ్లాస్ ఫైబర్ అయితే కోసిన చివర సన్నటి పోగులు నిలువునా కనిపిస్తాయి. దాని బిగువు బాగుంటుంది కానీ పైపూత లేచిన చోట కంటికి కనిపించనంత సన్నని గాజు పోగులు చర్మంలో దిగి దురదపెడతాయి. కర్రకు కర్ర గట్టిగా తగిలితే పైన తెల్లగా నలిగి అక్కడ పొరలు విడిపోతాయి. గాలిలో తిప్పే సాధనకే పరిమితం చేయండి. కొన్న రోజే దెబ్బ తగిలే భాగమంతా గుడ్డ టేప్ చుట్టేయండి.

పోలీసులు వాడే లాఠీ లాంటిది సాధనకు మంచిదేనా?

వెదురు లాఠీలకు బదులుగా వచ్చిన వాటిలో పాలీకార్బొనేట్‌వి చాలా ఉన్నాయి. దెబ్బకు తట్టుకోవడంలో ఆ పదార్థానికి మంచి పేరుంది. సాధనకు రెండు ఇబ్బందులు. ఒకటి, అది దెబ్బను తాను ఇముడ్చుకోదు, తగిలినవారికే పూర్తిగా అందిస్తుంది. రెండు, దానికి థిన్నర్, పెట్రోలు, అసిటోన్ తగిలితే ఒత్తిడి ఉన్న చోట సన్నటి పగుళ్లు వస్తాయి. గుర్తు కోసం పెయింట్ వేసి, థిన్నర్‌తో తుడిచిన కర్ర పైకి బాగానే ఉండి ఓ రోజు చేతిలోనే విరగవచ్చు. ఒంటరి సాధనకు వాడితే సబ్బు నీళ్లతో మాత్రమే తుడవండి.

కార్బన్ ఫైబర్ అంత ఖరీదుకు తగినదేనా?

నేర్చుకునేవారికి కాదు. తేలిక, బిగువు రెండూ ఉన్న మాట నిజం. జపాన్ కత్తిసాము కెండోలో, సాధన కత్తిగా పట్టే వెదురు షినాయ్‌కు బదులు కార్బన్ షినాయ్ వాడేవారు ఉన్నారు. వాళ్లు పాటించే నియమం ఒకటి మనకూ పనికొస్తుంది: పైపూత ఊడి నల్లటి కార్బన్ పోగు బయటపడితే ఆ క్షణం నుంచి వాడకం బంద్. ఆ పోగు కంటిలో పడితే తీయడం చాలా కష్టం. ఇంకో సంగతి, కార్బన్ ఫైబర్‌లో కరెంటు పారుతుంది.

ఇంట్లో మిగిలిన పీవీసీ పైపు కోసి వాడుకోవచ్చా?

విడిగా వద్దు. పీవీసీ గట్టి దెబ్బకు పగిలినప్పుడు కత్తిలాంటి అంచుతో ముక్కలవుతుంది. ఎండలో పడి ఉన్న పైపు ఇంకా పెళుసు. ఫోమ్ కర్ర లోపలి గొట్టంగా వాడితే పనికొస్తుంది, అప్పుడైనా కొత్త పైపే తీసుకోండి.

పొలంలో వాడే నల్ల పైపు?

అది ఎక్కువగా హెచ్‌డీపీఈ. పగలదు, అందుకు మెచ్చుకోవాలి. చుట్టగా చుట్టి అమ్మే పైపుకు ఆ వంపు మాత్రం పోదు, కర్ర తిరిగేటప్పుడు చివర ఎక్కడుందో చేతికి అంచనా దొరకదు. తిన్నగా ఉన్న ముక్క దొరికితే ఫోమ్ కర్ర లోపల పెట్టండి, బాగుంటుంది.

## కొలత, బరువు

కర్ర ఎంత బరువు ఉంటుందో కొనకముందే ఎలా లెక్కపెట్టాలి?

వ్యాసాన్ని వ్యాసంతో గుణించి, దాన్ని 0.785తో, తర్వాత పొడవుతో, చివరగా సాంద్రతతో గుణించండి. కొలతలు సెంటీమీటర్లలో తీసుకుంటే జవాబు గ్రాముల్లో వస్తుంది. 2.5 సెం.మీ. వ్యాసం, 71 సెం.మీ. పొడవు కర్రకు పీపీలో సుమారు 317 గ్రాములు, నైలాన్‌లో 397, పాలీకార్బొనేట్‌లో 418, డెల్రిన్‌లో 491 వస్తాయి. పేము ముక్క ముక్కకూ మారుతుంది, ఈ కొలతలో 200 గ్రాముల అటూఇటూ అనుకోండి.

కొత్తవారికి 250 గ్రాములు దాటొద్దంటాను. 22 మి.మీ. పీపీ ఈ పొడవులో 245 గ్రాములు తూగుతుంది. ఒకే వేగంతో వచ్చే కర్ర రెట్టింపు బరువుంటే దెబ్బ శక్తి కూడా రెట్టింపు. మీ వేలికి తగిలినా అంతే, ఎదుటివారి వేలికి తగిలినా అంతే.

బరువు తగ్గడానికి సన్న డెల్రిన్ రాడ్ తీసుకుంటే?

20 మి.మీ. డెల్రిన్ 71 సెం.మీ. పొడవులో సుమారు 315 గ్రాములు వస్తుంది, అంటే 25 మి.మీ. పీపీకి సమానం. త్రాసు మీద రెండూ ఒకటే గానీ ఎముక మీద కాదు. సన్నని, కఠినమైన కర్ర దెబ్బనంతా చిన్న చోట దింపుతుంది. పట్టు కూడా పిడికిలికి చాలదు.

పొడవు ఎలా చూసుకోవాలి?

నిలువెత్తు కర్రను పాదం పక్కన నిలబెడితే నుదురు దగ్గరికి రావాలి. మామూలుగా అది సుమారు 5.5 అడుగులు. పొట్టి కర్రకైతే చంకలో ఒక చివర ఆనించి చేయి చాస్తే రెండో చివర అరచేతిలోకి రావాలి. ప్లాస్టిక్ రాడ్ మొదట ఒక అంగుళం పొడవుగానే కోయించండి. వారం తిప్పి చూశాక తగ్గించుకోవచ్చు.

మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. ఏ కర్ర ఇవ్వాలి?

ఇతర పిల్లలతో కలిసి ఆడేది ఫోమ్ కర్ర. ఒంటరిగా అడుగులు, చేతులు నేర్చుకోవడానికి 20 మి.మీ. పీపీ, 60 సెం.మీ. పొడవు చాలు, 170 గ్రాములు ఉంటుంది. చివరలు గుండ్రంగా అరగదీసి ఇవ్వండి. పిల్లలు తమ కర్ర మీద పేరు రాసుకోవాలని ముచ్చటపడతారు, పర్మినెంట్ మార్కర్‌తో రాయనివ్వండి. చాకుతో చెక్కనివ్వకండి, ఆ గాటు దగ్గరే పగులు మొదలవుతుంది.

## తయారు చేసుకునేవారికి

రాడ్ ఎక్కడ దొరుకుతుంది? కోయడం ఎలా?

ఇంజినీరింగ్ ప్లాస్టిక్స్ అమ్మే షాపుల్లో. హైదరాబాద్ వైపు రాణిగంజ్, బాలానగర్‌లలో, విజయవాడలో ఆటోనగర్‌లో వాకబు చేయండి. రాడ్‌లను సాధారణంగా కిలో లెక్కన ఇస్తారు, మీటరు ముక్కలు సులువుగా దొరుకుతాయి. సన్న పళ్ల హ్యాక్‌సాతో నెమ్మదిగా కోయండి. తొందరపడితే పీపీ వేడికి కరిగి రంపానికి అంటుకుంటుంది. చివర అంచును ఆకురాయితో 45 డిగ్రీల వాలుగా తీసి, 120 నంబరు గరుకు కాగితంతో, తర్వాత 220తో రుద్దండి. బొటనవేలు చివర చుట్టూ తిప్పితే ఎక్కడా గీరుకోకూడదు. గ్లాస్ ఫైబర్ అయితే తడి చేసి, మాస్కు పెట్టుకుని కోయాలి.

ఫోమ్ కర్ర ఇంట్లో చేసుకోవచ్చా?

హాయిగా చేసుకోవచ్చు, ఓపికగా చేస్తే కొన్నదానికి తీసిపోదు. అర అంగుళం సీపీవీసీ పైపు, ఏసీ రాగి గొట్టాలకు తొడిగే నల్ల ఫోమ్ ట్యూబ్, గుడ్డ టేప్ తెచ్చుకోండి. పైపు రెండు చివరలా మూతలు బిగించండి. మూత లేని పైపు అంచు కొన్నాళ్లకు ఫోమ్‌ను లోపలినుంచి గుండ్రంగా కోసుకుంటూ బయటికి వస్తుంది. ఫోమ్ గోడ మందం కనీసం 15 మి.మీ. ఉండాలి. కొట్టే చివర పైపు కంటే రెండు అంగుళాలు ఫోమ్ ముందుకు ఉంచి, ఆ ఖాళీలో గట్టిగా చుట్టిన ఫోమ్ ముక్కను దూర్చండి.

టేప్‌ను తీగలా చుట్టూ బిగించి చుట్టకండి. అలా చేస్తే ఫోమ్ నొక్కుకుపోయి గట్టిపడుతుంది. నిలువు పట్టీలుగా, ఒకదాని అంచు ఇంకోదానిపై కాస్త ఎక్కేలా లాగకుండా అంటించండి. పూర్తయ్యాక చివర మందం రెండున్నర అంగుళాలు ఉంటే మంచిది, కంటి గుంటలోకి దూరదు. చివరి పరీక్ష మీ తొడ మీదే: ఓ మోస్తరు దెబ్బ వేసుకుని చూడండి. లోపలి పైపు తగిలినట్టు అనిపిస్తే అది ఇంకా పనికిరాదు.

చివర పొన్ను (లోహపు తొడుగు) వేయించుకోవచ్చా?

ఊరేగింపులో చేత పట్టుకునే కర్రకు అందంగా ఉంటుంది. సాధన కర్రకు వద్దు. లోహం బరువు చివరకు చేరితే దెబ్బ ఘోరంగా పెరుగుతుంది. ప్లాస్టిక్‌కు కొట్టిన మేకు చుట్టూ పగులు వస్తుంది, తిప్పుతుండగా పొన్ను ఊడి ఎగిరితే ఎవరికి తగులుతుందో చెప్పలేం. చివర అరగకుండా ఉండాలంటే సైకిల్ ట్యూబు ముక్క తొడగండి.

## సాధనలో

చెమటకు కర్ర చేతిలోంచి జారిపోతోంది. ఏం చేయాలి?

పీపీ, హెచ్‌డీపీఈల మీద జిగురు నిలవదు, ఆ ఉపరితలం తత్వమే అంత. ముందు పట్టు భాగాన్ని 80 నంబరు గరుకు కాగితంతో అడ్డంగా రుద్ది గీతలు తెప్పించండి. దాని మీద బ్యాడ్మింటన్ రాకెట్‌కు చుట్టే గ్రిప్ గానీ నూలు గుడ్డ టేప్ గానీ బిగించి చుట్టండి. నిలువెత్తు కర్రకు గ్రిప్ పెట్టకండి. చేతులు దానిపై జరుగుతూ ఉండాలి. 220 కాగితంతో నిలువునా ఒకసారి రుద్ది వదిలేస్తే సరిపోతుంది.

ప్లాస్టిక్ కర్రతో చేశాక చేయి జివ్వుమంటోంది, మోచేయి నొప్పి. మామూలేనా?

మొదటి రోజుల్లో కొంత అదురు తెలుస్తుంది. నొప్పి మర్నాటికీ ఉంటే మాత్రం మామూలు కాదు. బరువు తగ్గించండి, కఠినమైన డెల్రిన్, నైలాన్ వదిలి పీపీకో పేముకో రండి. కర్ర తగిలే క్షణంలో పిడికిలి బిగించి, తగిలాక కాస్త వదలడం అలవాటు చేసుకోండి. అదే పనిగా బిగించి పట్టేవారికే ఈ బాధ ఎక్కువ. వారం ఆపినా తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

పాత టైరు మీద కొట్టడానికి ఏది?

పీపీ. టైరు నుంచి కర్ర వెనక్కి గట్టిగా తన్నుకొస్తుంది, బరువు కర్రయితే మొహం మీదికే వస్తుంది. కాబట్టి 25 మి.మీ. దాటకండి, టైరుకు ఎదురుగా కాకుండా కాస్త పక్కగా నిలబడండి. గ్లాస్ ఫైబర్, కార్బన్ ఈ పనికి తేకండి.

నా దగ్గర ప్లాస్టిక్, నా జతగాడి దగ్గర పేము. కలిసి చేయొచ్చా?

అలా చేయకండి. గట్టి ప్లాస్టిక్ పేమును చెక్కేస్తుంది, రెండు రోజుల్లో అతని కర్ర నార నార అవుతుంది. తన్నే తీరు కూడా ఇద్దరికీ వేరుగా ఉండి లయ కుదరదు. ఇద్దరూ ఒకే పదార్థం, ఒకే మందం పట్టండి.

ప్లాస్టిక్ కర్రే కదా, హెల్మెట్ లేకుండా ఆడొచ్చా?

ఎంతమాత్రం వద్దు. 300 గ్రాముల పీపీ కర్ర వేలు విరగ్గొట్టగలదు, కన్ను తీయగలదు. కర్రకు కర్ర కొట్టే సాధనలో కళ్లజోడు లాంటి రక్షణ, చేతి తొడుగులు తప్పనిసరి. ఒంటికి తగిలేలా ఆడేటప్పుడు ఫోమ్ కర్ర పట్టినా ముఖాన్ని పూర్తిగా కప్పే జాలీ హెల్మెట్ ఉండాలి. ఈ ఒక్క విషయంలో మా దగ్గర ఎవరికీ మినహాయింపు లేదు.

అపార్ట్‌మెంట్‌లో శబ్దానికి కింది ఇంటివాళ్లు గొడవ చేస్తున్నారు.

వాళ్ల బాధలో న్యాయం ఉంది. ప్లాస్టిక్ మోత పేము కంటే పదునుగా గోడల్లోంచి వెళ్తుంది. కర్రకు సైకిల్ ట్యూబు తొడిగి పైన గుడ్డ టేప్ చుడితే మోత బాగా తగ్గుతుంది, బరువు కొద్దిగా పెరుగుతుంది. కర్ర జారి నేల మీద పడే చప్పుడే పైకీ కిందికీ ఎక్కువ వినిపిస్తుంది, పాత పరుపో రబ్బరు చాపో పరవండి.

డాబా మీద అల్యూమినియం కర్ర తిప్పొచ్చా?

పక్కన కరెంటు తీగలు ఉంటే ససేమిరా. మన ఊళ్లలో డాబా పిట్టగోడకు చేతికందే దూరంలోనే తీగలు వెళ్తుంటాయి. అల్యూమినియం, కార్బన్ ఫైబర్ రెండింటిలోనూ కరెంటు పారుతుంది. తడిసిన పేము, వెదురును కూడా నమ్మకూడదు. ఏ కర్రతోనైనా తీగలకు దూరంగా, నేల మీద ఖాళీ స్థలంలో చేయండి.

దసరాకు నిప్పుల కర్ర తిప్పాలి. ప్లాస్టిక్ కర్రకు గుడ్డలు చుట్టొచ్చా?

వద్దు. పీపీ 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంటుకుంటే మండుతున్న చుక్కలుగా కారి చర్మానికి అతుక్కుంటుంది. గ్లాస్ ఫైబర్‌లోని జిగురు కూడా మండుతుంది. నిప్పుకు అల్యూమినియం గొట్టం, దాని చివరలకు కెవ్లార్ వత్తి వాడతారు. కెవ్లార్ కూడా సింథటిక్కే గానీ కరగదు, నూలు గుడ్డలా కాలి ముక్కలుగా రాలదు. నూలు బట్టలే వేసుకోండి, పాలిస్టర్ వద్దు. తడిపిన గోనె పట్టా పట్టుకుని ఒకరు పక్కనే నిలబడాలి. గురువుగారి ఎదుట, నిప్పు లేకుండా బాగా సాధన చేశాకే వెలిగించండి.

## కర్రను కాపాడుకోవడం

కర్ర మీద ముళ్లలాంటి అంచులు లేస్తున్నాయి. పాడైందా?

లేదు. దెబ్బ తగిలిన చోట పీపీ పక్కకు ఒత్తుకుని సన్నటి రేకులా లేస్తుంది, అది చర్మాన్ని గీస్తుంది. సాధన అయ్యాక కర్రను వేళ్ల మధ్య నెమ్మదిగా తిప్పి చూసి, లేచిన చోట చాకును పడుకోబెట్టి గీకి, 120 కాగితంతో రుద్దండి. ప్రతిసారీ ఒకే చోట దెబ్బలు పడుతుంటే కర్రను పావు వంతు తిప్పి పట్టుకోండి, అరుగుదల నాలుగు వైపులా పంచుకుంటుంది.

గోడకు ఆనించి పెడితే వంగిపోయింది. సరిచేయొచ్చా?

ప్లాస్టిక్ వాలుగా ఉంటే తన బరువుకే నెమ్మదిగా వంగుతుంది, వేడిలో ఇంకా త్వరగా. మే నెలలో రెంటచింతల ఎండలో కారులో వదిలేస్తే సాయంత్రానికే తేడా కనిపిస్తుంది. వంపు పైకి ఉండేలా చదునైన నేల మీద ఎండలో పెట్టి, పైన బరువు ఉంచండి. చల్లారాక తీస్తే కొంతవరకు తిన్నగా వస్తుంది. ఇకమీదట నేల మీద పడుకోబెట్టండి, లేదా చివర రంధ్రం వేయకుండా తాడు ముడి వేసి నిలువుగా వేలాడదీయండి.

మేం న్యూజెర్సీలో ఉంటాం. చలికాలం గరాజ్‌లో వాడొచ్చా?

సున్నా డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి మామూలు పాలీప్రొపిలీన్ పెళుసవుతుంది, గట్టి దెబ్బకు పగలవచ్చు. కర్రలను ఇంట్లో ఉంచి సాధనకు ముందు బయటికి తెండి. చలి గదిలోనే చేయక తప్పదంటే హెచ్‌డీపీఈ తీసుకోండి.

ఎండ తగిలితే పాడవుతుందా?

అవుతుంది. ఎండకు తట్టుకునే మందు కలపని పీపీ రంగు వెలిసి, చేత్తో రాస్తే సుద్దలా పొడి రాలుతుంది, అప్పటికే లోపల పెళుసెక్కి ఉంటుంది. ఆరుబయట సాధన చేసేవారికి నల్ల రాడ్ మేలు. అందులో కలిపే కార్బన్ మసి ఎండను అడ్డుకుంటుంది.

విమానంలో తీసుకెళ్లొచ్చా?

చేతి సంచిలో ఒప్పుకోరు. చెక్-ఇన్ సామాన్లలో పెట్టండి. నిలువెత్తు కర్ర ఉంటే పొడవు పరిమితి, అదనపు రుసుము గురించి టికెట్ కొనేముందే ఎయిర్‌లైన్‌ను అడగండి. పొట్టి పీపీ కర్రలైతే పెద్ద సూట్‌కేసులో మూలకు మూలగా ఇముడుతాయి.

కర్రను ఎప్పుడు పక్కన పెట్టేయాలి?

పీపీ, హెచ్‌డీపీఈ, నైలాన్: గోరు ఆనేంత పగులు కనిపిస్తే, లేదా వంచినప్పుడు ఒకచోట తెల్లబడి ఆ తెలుపు పోకపోతే. పాలీకార్బొనేట్: వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే సన్నటి గీతలు మెరిస్తే. గ్లాస్ ఫైబర్, కార్బన్: పోగు బయటపడితే, లేదా నాణెంతో తడుతూ వెళ్తే ఒకచోట మోత మొద్దుగా మారితే. ఫోమ్ కర్ర: నొక్కితే లోపలి గొట్టం వేలికి తెలిస్తే. పక్కన పెట్టిన కర్రను పిల్లలు మళ్లీ తీసి ఆడకుండా రెండుగా కోసేయండి. పీపీ, హెచ్‌డీపీఈ ముక్కలను పాత ప్లాస్టిక్ కొనేవాళ్లు తీసుకుంటారు, పీవీసీతో కలపకుండా విడిగా ఇవ్వండి.